మెదక్ గుడి కట్టించిన పాస్నెట్

కరువులో పని చూపిన మిషనరీ - నూరేళ్లలో గుడికి వచ్చే జనంలో ఎన్నో మార్పులు

గండిపేట: డిసెంబరు నెల వచ్చిందంటే గండిపేట, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల పల్లెల నుంచి కూడా మెదక్ చర్చి చూసి వద్దామని బయలుదేరేవారు ఉంటారు. చిలుకూరు బాలాజీ గుడికి, అనంతగిరికి, ఏడుపాయల జాతరకు పోయినట్టే అక్కడికీ పోతారు. పోయేవారిలో క్రైస్తవులు ఉంటారు, కానివారూ ఉంటారు. ఎత్తయిన శిఖరం చూస్తారు. రంగుల అద్దాల కిటికీలు చూస్తారు. కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. చెట్టు కింద సద్ది విప్పుకుని తిని, పొద్దుగూకే వేళకు ఇంటి దారి పడతారు.

అంత పెద్ద గుడి ఎవరు కట్టించారని అడిగితే మాత్రం ఎవరో తెల్లదొర అని చెప్పి ఊరుకుంటారు. ఆ దొర పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్. నలభై ఏళ్లకు పైగా ఆయన మెదక్ పల్లెల్లోనే గడిపారు. రాతి గుడి ఒకటి కట్టించి పోయారన్నంత వరకే ఆయన కథ కాదు. గుడి కట్టడం ఒక ఎత్తు, కట్టిన గుడిలో జనం వచ్చి కూర్చోవడం మరో ఎత్తు. ఈ రెండో పనికి ఆయన ఏం చేశారు, ఆయన పోయాక ఆ జనం ఏమయ్యారు అన్నది తెలుసుకోదగినది.

సికిందరాబాదు నుంచి మెదక్‌కు

ఇంగ్లండులోని వెస్లియన్ మెథడిస్టు సంఘం పాస్నెట్‌ను ఇక్కడికి పంపింది. ఈ సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. ఆయన 1703లో పుట్టి 1791లో మరణించారు. గుడికి రాని కూలి జనాన్ని వెతుక్కుంటూ బొగ్గు గనుల దగ్గరకు, సంతలకు, పొలాలకు వెళ్లి ఆరుబయట ప్రసంగాలు చేసిన మనిషి ఆయన. వచ్చిన వారిని చిన్న చిన్న గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క పెద్దను పెట్టి, వారం వారం మంచిచెడ్డలు విచారించే పద్ధతిని ఆ సంఘం పాటించింది.

ఇంగ్లండులో అందరూ ఆదివారం గుడికి పోయేవారని మన దగ్గర అనుకుంటారు. అది నిజం కాదు. 1851 మార్చి 30వ తేదీ ఆదివారం నాడు అక్కడి ప్రభుత్వం గుళ్లకు వచ్చిన వారిని లెక్క పెట్టించింది. రాగలిగి కూడా రానివారు లక్షల్లో ఉన్నట్టు తేలడంతో ఆ దేశపు పెద్దలు కలవరపడ్డారు. మరీ ముఖ్యంగా పట్నాల్లోని కూలి జనం గుడికి దూరంగా ఉన్నట్టు ఆ లెక్క చెప్పింది. పాస్నెట్ వంటి యువకులు ఇలాంటి చర్చల నడుమ పెరిగి వచ్చినవారే.

హైదరాబాదు రాజ్యంలో వెస్లియన్ మిషన్ పని 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ చేతుల మీదుగా మొదలైంది. పాస్నెట్ 1895లో సికిందరాబాదు చేరారు. మొదట ఆయనకు అప్పగించిన పని తిరుమలగిరి దండులోని తెల్ల సిపాయిలకు ప్రార్థనలు జరిపించడం. జీతానికి, బంగళాకు లోటు లేని కొలువు. అయితే ఆయన మనసు దండులో నిలవలేదు. పల్లెల్లో పని చేయాలని పట్టుబట్టి మెదక్ దారి పట్టారు.

అప్పటికి మెదక్‌కు రైలు లేదు. సికిందరాబాదు నుంచి మన్మాడు వైపు రైలుదారి పడింది ఆ తర్వాతనే. గుర్రం మీదనో, ఎడ్లబండి మీదనో రెండు రోజులు ప్రయాణం చేసి మెదక్ చేరవలసి ఉండేది. కాకతీయుల కాలం నుంచి పేరున్న కోట, కోట కింద ఊరు, చుట్టూ చెరువులు, అడవి. ఆ ప్రాంతంలో అప్పటికి క్రైస్తవులు రెండు వందల మంది కూడా లేరని, వారి ప్రార్థనకు చిన్న పెంకుటిల్లు ఒకటే ఉండేదని చెబుతారు.

వాడలో వెలిగిన దీపం

నిజాం కాలపు పల్లె ఎలా ఉండేదో మన ప్రాంతపు ముసలివారికి వేరే చెప్పనక్కరలేదు. గడీలో దొర, చావడిలో పటేలు పట్వారీలు, ఊరి చివర మాలవాడ, మాదిగవాడ. వెట్టి చేయమంటే చేయాలి, మూట మోయమంటే మోయాలి. ఊరి బావిలో చేద వేయరాదు. గుడి మెట్లు ఎక్కరాదు. బడి అనేది ఆ వాడల పిల్లలకు తెలియని మాట. కలరా, మశూచి వస్తే వాడకు వాడ ఖాళీ అయ్యేది.

పాస్నెట్‌ను, ఆయన తోటివారిని మొదట రమ్మన్నది ఈ వాడలే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తెలుగు పల్లెల్లో క్రైస్తవ మతం పుచ్చుకున్నవారు ఒక్కొక్కరుగా పుచ్చుకున్నది తక్కువ. వాడ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కుటుంబాలకు కుటుంబాలు ఒక్కసారిగా చేరేవి. అట్లా చేరడం వల్ల పెళ్లి సంబంధాలు, చావు పుట్టుకల కట్టుబాట్లు తెగిపోలేదు. కాగా, పెద్దలు తీర్మానం చేశారు కాబట్టి చేరినవారే గాని, బోధ పూర్తిగా తెలిసి చేరినవారు అందులో కొందరే. చేరిన తర్వాత నేర్పే పని మిగిలింది. మిషన్ పనిలో అసలు కష్టం అదే.

ఆ కష్టాన్ని మోసినవాడు తెల్లదొర కాదు, ఊళ్లో కాపురం పెట్టిన తెలుగు పంతులు. పగలంతా కైకిలి పనిలో ఉండే జనం ఆదివారం పొద్దున పదింటికి గుడికి రమ్మంటే రాలేరు. అందుకని పంతులు రాత్రి భోజనాల వేళకు గంట కొట్టేవాడు. కందిలి వెలుగులో కీర్తన పాడించేవాడు, వాక్యం చెప్పేవాడు, పిల్లలకు ఓనమాలు దిద్దించేవాడు. అర్జీ రాయాలన్నా, జ్వరానికి మందు కావాలన్నా పంతులే దిక్కు. పంతులు ఉన్న ఊళ్లో ప్రార్థన నిలిచింది. పంతులు బదిలీ అయిన ఊళ్లో గంట మూగపోయింది. గుడికి జనం రావడం రాకపోవడం అన్నది ఆనాటి నుంచి ఈనాటి వరకు చాలా మట్టుకు ఈ ఒక్క సంగతి మీదనే ఆధారపడి ఉన్నది.

ఇల్లాలికి కూడా చదువు

పాస్నెట్ ఇది తొందరగానే గ్రహించారు. మెదక్‌లో పంతుళ్లకు శిక్షణ ఇచ్చే ఏర్పాటును పెంచారు. మగవాడికి మాత్రమే చదువు చెప్పి పంపితే ఆడవాళ్ల దగ్గరకు మాట చేరదని ఎరిగి, పంతులుతో పాటు ఆయన భార్యకు కూడా శిక్షణ ఇప్పించారు. ఈ పనిని ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ మోశారు. అక్షరం తెలియని ఇల్లాలు మెదక్ వచ్చి చదువు నేర్చుకుని, తిరిగి పల్లెకు పోయి మరో పది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి కథ చెప్పేది. వాడలో పుట్టిన స్త్రీ పుస్తకం పట్టుకుని నలుగురిలో నిలబడి మాట్లాడడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

బోధ అంతా తెలుగు పద్ధతిలోనే సాగింది. ఇంగ్లీషు పాటలు పల్లెకు ఎక్కవు. తెలుగు క్రైస్తవులకు అంతకుముందే పురుషోత్తమ చౌధరి వంటి కవులు రాగతాళాలతో కూడిన కీర్తనలు కట్టి ఇచ్చారు. 1803లో పుట్టి 1890లో గతించిన ఆయన కీర్తనలు డప్పు, తాళాలతో పల్లె పల్లెనా మోగాయి. చదువు రానివారికి పాటే పుస్తకమయింది.

మిషన్ ప్రభావం గుడిలో కూర్చున్నవారి సంఖ్య కంటే చాలా దూరం పాకింది. మెదక్‌లో ఆసుపత్రి, బడులు వెలిశాయి. ఇదే మిషన్‌కు చెందిన జార్జి కెర్, ఆయన భార్య డాక్టరు ఇసబెల్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి పెట్టారు. ఆ ఆసుపత్రికి విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. అది 1915లో మొదలైంది. అక్కడ చికిత్స పొందినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఇల్లు వెళ్లగొట్టిన రోగికి పడక వేసిన చోటును జనం మరచిపోరు. మతం పుచ్చుకోకపోయినా మర్యాద ఇస్తారు.

కరువు వచ్చింది, పని దొరికింది

1914లో పాస్నెట్ పెద్ద గుడి పని మొదలుపెట్టారు. అదే ఏడాది ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ధరలు మండిపోయాయి. వానలు మొండికేశాయి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చి మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1918 నుంచి 1920 దాకా హైదరాబాదు రాజ్యంలో గట్టి కరువు నడిచింది. గింజ దొరకక ఊళ్లు వదిలి పోయినవారు పోగా, ఉన్నవారు ఆకులు అలములు తిని బతికిన రోజులవి.

అటువంటి రోజుల్లో పాస్నెట్ ఉచితంగా అన్నం పెట్టే పద్ధతిని నమ్ముకోలేదు. బిచ్చం తిన్న మనిషి తలవంచుకుంటాడు, పని చేసి తిన్న మనిషి తలెత్తుకుంటాడన్నది ఆయన అభిప్రాయం. రాయి కొట్టేవారికి, మట్టి మోసేవారికి, సున్నం కలిపేవారికి పని చూపించి తిండికి దారి చేశారు. ఇప్పుడు ప్రభుత్వాలు పనికి ఆహారం అనే పేరుతో అమలు చేసిన పథకం వంటిదే అది. ఆ గుడి రాళ్లలో వేలాది మంది చెమట ఉన్నది.

ఈ సమయంలోనే మన గండిపేట దగ్గర కూడా పెద్ద పని నడుస్తున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేల మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు మూసీకి అడ్డంగా కట్ట వేసే పని చేపట్టారు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరుతో ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఒకే రాజ్యంలో, ఒకే కరువు కాలంలో, ఇక్కడ కట్ట లేచింది, అక్కడ గుడి లేచింది. రెండింటికీ తట్ట మోసింది పల్లె కూలి జనమే.

గింజ కోసం మతమా?

కరువులో క్రైస్తవులు పెరిగారు గనుక అన్నం ఆశ చూపి మతం మార్చారన్న విమర్శ ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఆకలి ఉన్నచోట అన్నం పెట్టిన చేతి వైపు జనం తిరగడం సహజం. మిషనరీలలో కొందరికి కూడా ఈ భయం ఉండేది.

ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ చేసిన పని ఇందుకు ఉదాహరణ. ఈయన అమెరికన్ బాప్టిస్టు. 1876 నుంచి 1878 వరకు నడిచిన ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల గుత్త తీసుకుని వేలాది మందికి పని ఇచ్చారు. పని నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చినవాడెవడో, మనసుతో వచ్చినవాడెవడో తేలాలని ఆపారు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అయితే గింజతోనే అంతా అయిపోయిందనడం వాడల్లోని జనాన్ని చిన్నచూపు చూడడమే అవుతుంది. గింజ నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత మూడు తరాలు కీర్తన పాడుతూ ఉండడానికి వేరే కారణం కావాలి. పేరు పెట్టి పిలిచేవాడు, పక్కన కూర్చోబెట్టుకునేవాడు, బిడ్డకు బలపం పట్టించేవాడు దొరికాడన్నది ఆ కారణం. అదే కాలంలో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, మతం మారకుండానే ఆ వాడల జనాన్ని తలెత్తుకునేలా చేయడానికి పాటుపడ్డారు. దారులు వేరైనా వెతుక్కున్నది మర్యాదనే.

1924 క్రిస్మస్

పదేళ్ల పని తర్వాత 1924 డిసెంబరు 25న మెదక్ గుడిని ప్రతిష్ఠించారు. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల ఒకేసారి అయిదు వేల మంది కూర్చోవచ్చు. ఇంగ్లండులోని బోల్టన్ పట్నానికి చెందిన బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అనే సంస్థ దీనికి నమూనా గీసింది. పనికి 14 లక్షల రూపాయలు అయిందని చెబుతారు. ఆ రోజుల్లో అది మాటలు కాదు.

లండనుకు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేత కిటికీలకు రంగుల అద్దాలు చేయించారు. క్రీస్తు పరలోకానికి వెళ్లే చిత్రం 1927లో, పుట్టుక చిత్రం 1947లో, సిలువ చిత్రం 1958లో అమర్చారు. ఇవి సూర్యుని వెలుతురు వెనుక నుంచి పడితేనే కనిపిస్తాయి. పొద్దుగూకితే నల్లని అద్దాలే. చూడదలచినవారు పగటి పూట వెళ్లడం మంచిది.

అంత పెద్ద గుడి ఎందుకని అప్పట్లో చాలామందికి అనిపించి ఉంటుంది. మెదక్ చిన్న ఊరు. ఆదివారం ఆదివారం అయిదు వేల మంది వచ్చే చోటు కాదు. అయితే పాస్నెట్ లెక్క ఊరి లెక్క కాదు, పల్లెల లెక్క. ఊరిబయట గుడిసెలో నలభై మందితో ప్రార్థన చేసుకునే మనిషి, ఏడాదికి ఒకసారి అంత పెద్ద గుడిలో వేల మంది తనవంటివారి మధ్య కూర్చుంటే తాను ఒంటరివాడిని కానని తెలుసుకుంటాడు. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని మనిషికి, చూడడానికి దేశం నలుమూలల నుంచి వచ్చే గుడిలో నేల మీద నడిచే హక్కు దొరికింది. ఆ గుడి అసలు విలువ ఇదే.

వచ్చినవారెందరు, నిలిచినవారెందరు

1930ల చివరలో పాస్నెట్ పని నుంచి విరమించి మెదక్ వదిలి వెళ్లారు. ఆయన నాటిన చెట్టు ఎట్లా కాసిందో ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఈ ఇద్దరు 1959లో మెదక్ ప్రాంతపు వడియారం పాస్టరేటులోని జంగరాయి పరిసర గ్రామాలు తిరిగి, క్రైస్తవ కుటుంబాలు నిజంగా ఏం చేస్తున్నాయో చూశారు. 1968లో అది పుస్తకంగా వచ్చింది.

వారు చూసినది పల్లెవాసులకు వింతేమీ కాదు. పంతులు ఉన్న ఊళ్లో ప్రార్థన సాగుతున్నది. లేని ఊళ్లో పాస్టరు వచ్చిన నాడే సాగుతున్నది. నాట్లు, కోతల కాలంలో పలచబడుతున్నది. క్రిస్మస్‌కు అందరూ కొత్త బట్టలు కడుతున్నారు. అదే కుటుంబాల్లో కొన్ని పోచమ్మకు, ఎల్లమ్మకు మొక్కు చెల్లించడం కూడా మానలేదు. బిడ్డకు తట్టు పోస్తే పాస్టరు ప్రార్థన, పోచమ్మకు కోడి రెండూ జరిగిపోతున్నాయి. దీన్ని చూసి కొందరు పెద్దలు పాస్నెట్ పని సగమే అయిందన్నారు. మరికొందరు ఊరివారితో తెగదెంపులు లేకుండా బతకడానికి జనం చూసుకున్న దారి ఇది అన్నారు. రెండింటిలోనూ నిజం ఉన్నది.

దొర వెళ్లిపోయాక

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. మనం సి.ఎస్.ఐ. అని పిలుచుకునేది దీన్నే. వేరువేరు దేశాల మిషన్లు తెచ్చిన వేరువేరు పేర్లు మాకెందుకని దీని కోసం ఏళ్ల తరబడి పాటుపడిన వారిలో దోర్నకల్ బిషప్ అజరయ్య ముఖ్యులు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన ఆయన 1945 జనవరి 1న కన్నుమూసి, ఆ రోజు చూడలేకపోయారు. మెదక్ ఒక డయాసిస్‌కు కేంద్రమైంది. పాస్నెట్ కట్టించిన గుడి బిషప్ పీఠమైంది. ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిసిపోయింది. కాలక్రమంలో తెల్లవారి చేతిలోని పగ్గాలు తెలుగువారి చేతికి వచ్చాయి.

ఇదే సమయంలో మరో మార్పు వచ్చింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరున వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం, హిందూ మతంలో ఉన్నవారికే ఎస్.సి. హోదా వర్తిస్తుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన ఎస్.సి.లను 1970 నుంచి బి.సి.-సి గ్రూపులో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు.

దీని ఫలితం ఇంటింటికీ చేరింది. ఒకే వాడ, ఒకే ఇంటిపేరు, ఒకే కష్టం. అన్న సర్టిఫికెట్ ఒక తీరు, తమ్ముని సర్టిఫికెట్ మరో తీరు. బిడ్డకు హాస్టల్ సీటు కావాలన్నా, కొలువు కావాలన్నా, సర్పంచ్ స్థానానికి నిలబడాలన్నా కాగితం మీద ఏ మతం ఉందో చూస్తారు. అందువల్ల ఆదివారం గుడిలో కూర్చునే మనిషి బడి రిజిస్టరులో, జనాభా లెక్కల్లో వేరుగా కనిపించడం మామూలైంది. ఈ విషయం పరిశీలించడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది.

జనాభా లెక్కలు చూస్తే ఇది తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో నూటికి 4.19 మంది. 1981లో 2.68, 2001లో 1.55, 2011లో 1.34. ఈ అంకెలు మాత్రమే చూసినవారికి గుళ్లు ఖాళీ అయినట్టు తోస్తుంది. కాని ఆ నలభై ఏళ్లలోనే కొత్త ప్రార్థనా మందిరాలు ఊరూరా లేచిన సంగతి ఊళ్లు తిరిగిన వారెవరికైనా తెలుసు. లెక్కలో తగ్గినదంతా విశ్వాసంలో తగ్గినది కాదు. కాగితం భయంతో దాగినది కూడా అందులో ఉన్నది.

మారిన ఆదివారాలు

గుడికి పోయేవారు కూడా పాత గుడికే పోవడం లేదు. పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రం నెలకొల్పారు. ఆయన 2000లో గతించారు. ఏ మిషన్‌కూ చెందని సహవాసాలు ఆయన వల్ల తెలుగు ప్రాంతాల్లో ఎన్నో పుట్టాయి. పెంతెకొస్తు సంఘాలు పెరిగాయి. రోగికి స్వస్థత ప్రార్థన, ఉపవాస కూటాలు, రాత్రి కూటాలు, ఇంటింటి ప్రార్థనలు జనాన్ని లాగాయి. సి.ఎస్.ఐ. పుస్తకంలో పేరు, పెళ్లి సి.ఎస్.ఐ. గుడిలో, వారం వారం ప్రార్థన మాత్రం పక్క వీధి రేకుల షెడ్డులో, ఇలా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. పాస్టరు ఇల్లు దగ్గర ఉండడం, ఫలానా ఇంట్లో జ్వరమంటే రాత్రికి రాత్రి రావడం ఇందుకు ఒక కారణం. పాస్నెట్ కాలంలో పల్లె పంతులు చేసిన పని ఇదే అన్నది గమనార్హం.

మరోవైపు పాస్నెట్‌ను పంపిన దేశంలో గుళ్లు పలచబడ్డాయి. 1932లో బ్రిటన్‌లోని మెథడిస్టు శాఖలన్నీ ఒకటైన నాడు సభ్యులు ఎనిమిది లక్షలకు పైగా ఉన్నారు. 2016 నాటికి రెండు లక్షలలోపుకు పడిపోయారు. ఎన్నో గుళ్లు అమ్ముడుపోయి ఇళ్లుగా, దుకాణాలుగా మారాయి. బడి, ఆసుపత్రి, పేదల సాయం ప్రభుత్వం చూసుకోవడం మొదలైన తర్వాత గుడితో అవసరం తగ్గిందని కొందరు, పిల్లలకు ఇంట్లో నేర్పేవారు లేకపోవడమే కారణమని మరికొందరు అంటారు.

2024 డిసెంబరు 25తో మెదక్ గుడికి వంద ఏళ్లు నిండాయి. పండుగ నాడు ఆవరణలో ఇసుక వేస్తే రాలని జనం. అందులో చాలామంది చూడవచ్చినవారు, మొక్కు ఉన్నవారు. మరునాటి ఆదివారం అక్కడ అంత జనం ఉండదు. పండుగ జనాన్ని చూసి సంఘం పెరిగిందనుకోవడం, జనాభా లెక్క చూసి తరిగిందనుకోవడం రెండూ పొరపాటే.

పాస్నెట్ మెదక్ వచ్చిన నాడు ఆయన వెంట అంతటి గుడి లేదు. పెంకుటిల్లు, గుప్పెడు మనుషులు, కాలినడకన పోయే పల్లెదారులు ఉన్నాయి. జనం ఆయన దగ్గరకు వచ్చింది గోపురం చూసి కాదు. గోపురం తర్వాత వచ్చింది. కరువులో పని చూపించి, వాడకు ఒక పంతులును పంపి, ఆ పంతులు ఇల్లాలికి కూడా చదువు చెప్పించిన మనిషిని నమ్మి వచ్చారు. ఈసారి మెదక్ పోయినవారు శిఖరం ఎత్తుతో పాటు ఆ రాళ్లు మోసిన కూలివారిని, కందిలి పట్టుకుని చీకట్లో వాడ వాడ తిరిగిన పేరు తెలియని పంతుళ్లను కూడా తలచుకుంటే బాగుంటుంది. వంద ఏళ్లుగా ఆ గుడిని నిలబెట్టినవారు వాళ్లే.